8 మీటర్ల స్తంభం మీద 2 మీటర్ల లాన్యార్డ్ మనిషిని ఆపుతుందా?

పల్లె_సెక్షన్_ఏఈ అడిగారు:

మా కరెంటు సెక్షన్‌కి కొత్తగా ఫుల్ బాడీ హార్నెస్‌లు (తొడలు, భుజాలు చుట్టి కట్టుకునే భద్రతా పట్టీలు) వచ్చాయి. వీపు మీద ఒక డీ రింగు, దానికి విసురు తగ్గించే షాక్ అబ్జార్బర్ ఉన్న 2 మీటర్ల జంట లాన్యార్డ్ (తగిలించుకునే తాడు), చివర్లలో రెండు పెద్ద హుక్కులు. ఛాతీ దగ్గర ఒక డీ రింగు, నడుముకి రెండు పక్కలా చెరొకటి ఉన్నాయి గానీ వాటికి తగిలించే తాడేదీ సంచిలో రాలేదు. పాత నడుము బెల్టులు మాత్రం వెనక్కి ఇచ్చేయమన్నారు.

మావన్నీ పీఎస్‌సీసీ (లోపల ఉక్కు తీగలున్న సిమెంటు) స్తంభాలే. ఎల్‌టీకి (ఇళ్లకి పోయే తక్కువ వోల్టేజీ లైన్లకి) 8 మీటర్లవి, 11 కేవీకి 9.1 మీటర్లవి. ఇన్సులేటర్ మార్చడం, జంపర్లు (తీగల్ని కలిపే ముక్కలు), ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి హెచ్‌జీ ఫ్యూజులు, సర్వీసు కంప్లైంట్లు, కొమ్మలు కొట్టడం, పని అంతా ఇదే. బకెట్ వాహనం మా ఊళ్లకి సమయానికి రాదు. నిచ్చెన మీదే పని.

హుక్కు తగిలించడానికి స్తంభం మీద చోటెక్కడుందని లైన్‌మన్లు అడుగుతున్నారు. ఎక్కేటప్పుడు దేనికి తగిలించుకోవాలి, ఇంత పొడుగు తాడుతో పడితే నేలని తాకే లోపు ఆగుతామా అని కూడా అంటున్నారు. ‘వేసుకోండి’ అని మెమో ఇచ్చి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. అడిగినవాటికి సరైన జవాబు చెప్పి వేయించాలి. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకుని, ఎర్త్ చేశాక చేసే పని వరకే అడుగుతున్నాను. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

ఎత్తుపని_శిక్షణ:

ఏఈ గారూ, మీవాళ్లు అడుగుతున్నది న్యాయమైన ప్రశ్న. ముందు లెక్క చూడండి.

8 మీటర్ల స్తంభం 1.5 మీటర్లు భూమిలోకి పోతే పైన మిగిలేది 6.5 మీటర్లు. ఎల్‌టీ క్రాస్ ఆర్మ్ (తీగల్ని మోసే అడ్డ ఇనుము) దగ్గర హుక్కు తగిలిస్తే అది నేల నుంచి సుమారు 6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇప్పుడు హుక్కు నుంచి కిందికి కొలవండి. లాన్యార్డ్ 2 మీటర్లు. మనిషి బరువు పడగానే అబ్జార్బర్ కుట్లు విప్పుకుంటూ 1.75 మీటర్ల వరకు సాగవచ్చు. వీపు మీది డీ రింగు నుంచి అరికాలి దాకా 1.5 మీటర్లు. హార్నెస్ సాగడానికి, కొలతల్లో తేడాకి ఇంకో మీటరు వదలాలి. మొత్తం 6.25 మీటర్లు. మీ దగ్గర ఉన్నది 6. అంటే ఎల్‌టీ స్తంభం మీద ఆ లాన్యార్డ్‌ని అలాగే వాడితే తాడు బిగిసే సమయానికి కాళ్లు నేలకి తగలవచ్చు. హుక్కు నడుము కంటే కింద తగిలిస్తే ఇక చెప్పేదేముంది.

9.1 మీటర్ల స్తంభం నేలపైన 7.6 మీటర్లు ఉంటుంది. 7 మీటర్ల దగ్గర హుక్కు ఉంటే లెక్కకి ముప్పావు మీటరు మిగులుతుంది. కానీ అదే స్తంభం మీద కింద ఎల్‌టీ తీగలో, ట్రాన్స్‌ఫార్మరో, పక్కన ప్రహరీ గోడో ఉంటే ఆ ముప్పావు మీటరుకి అర్థం లేదు. మనిషి నేలకంటే ముందు వాటికి కొట్టుకుంటాడు.

పొట్టి స్తంభం మీద పడ్డాక ఆపడమనే పద్ధతికి చోటు చాలదు కాబట్టి, పడటమే మొదలు కాకుండా పట్టి ఉంచాలి. నడుము పక్కల డీ రింగులు ఉన్నది అందుకే. వాటికి కావలసింది వర్క్ పొజిషనింగ్ లాన్యార్డ్. 2 మీటర్ల పొడుగు, పొడుగు తగ్గించి పెంచుకునే గ్రిప్, తాడు మీద రాపిడి కాసే తొడుగు ఉండాలి. ఒక పక్క రింగు నుంచి స్తంభం చుట్టూ తిప్పి రెండో పక్క రింగుకి తగిలిస్తారు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల ప్రకారం ఇలా కట్టుకున్న మనిషి 0.6 మీటరు కంటే ఎక్కువ పడే వీలుండకూడదు. మనమూ ఆ కొలతనే పట్టుకోవచ్చు. మనిషికి రెండు చొప్పున ఇండెంట్ పెట్టండి, ఒకటి చాలదు.

రెండెందుకంటే దారిలో అడ్డాలు వస్తాయి. ఎల్‌టీ క్రాస్ ఆర్మ్, సర్వీసు తీగల గుత్తి, కేబుల్ టీవీ వాళ్లు కట్టిన డబ్బాలు. అడ్డం కింద ఆగి, రెండో లాన్యార్డ్‌ని అడ్డానికి పైన స్తంభం చుట్టూ వేసి, బిగించి, వెనక్కి వాలి లాగి చూసి, ఆ తర్వాతే మొదటిది విప్పాలి. ఒక్కటే ఉన్న మనిషి అడ్డం దాటేటప్పుడు విప్పి మళ్లీ పెట్టుకుంటాడు. ఆ పది సెకన్లు అతన్ని పట్టి ఉంచేది ఒక్క చేయే. చాలామంది పడేది అక్కడే.

పాత నడుము బెల్టు వెనక్కి తీసుకోవడం సరైన పనే. అందులో పడితే విసురంతా పొట్ట మీదే పడుతుంది, తలకిందులైతే మనిషి బెల్టులోంచి జారిపోతాడు కూడా. ఫుల్ బాడీ హార్నెస్ ఆ విసురుని తొడలకి, భుజాలకి పంచుతుంది. అది జరగాలంటే కాళ్ల పట్టీలు బిగించాలి. పట్టీ కింద చేయి బల్లపరుపుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. వదులు పట్టీతో పడితే గజ్జల్లో నలిగేది చాలా సున్నితమైన చోటు. ఎండకి చిరాకుపడి పట్టీలు వదులు చేసుకునేవాళ్లకి ఇది విప్పి చెప్పాలి.

33కేవీ_మెయింటెనెన్స్:

పైన చెప్పిందంతా ఒప్పుకుంటాను, ఒక్క మాట తప్ప. నడుము లాన్యార్డ్ ఉంటే పడటం మొదలు కాదు అన్నారు. నిలబడి వెనక్కి వాలి పని చేసేటప్పుడు అది నిజం. ఎక్కేటప్పుడు కాదు. కాళ్లు జారితే ఒళ్లు నిటారుగా స్తంభానికి ఆనుకుని కిందికి వస్తుంది, చుట్టూ ఉన్న తాడు వదులై మనిషితోపాటే జారుతుంది. పీఎస్‌సీసీ స్తంభం కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది నిజమే, కానీ ఆ వెడల్పు తాడుని ఆపేంత త్వరగా పెరగదు. చెక్క స్తంభాలకి బరువు పడగానే తనంతట తానే బిగుసుకునే చుట్టుతాళ్లు ఉన్నాయి. వాటిని నున్నటి సిమెంటు స్తంభం మీద తయారీదారు ఒప్పుకుంటేనే వాడాలి.

ఇంకో సంగతి, నాకు దీనికంటే ముఖ్యమైనది. బెల్టు మనిషిని స్తంభానికి కట్టేస్తుంది. స్తంభమే పడిపోతే మనిషి దాంతోపాటు పడతాడు, దూకడానికి కూడా వీలుండదు. కాబట్టి ఎక్కేముందు స్తంభాన్ని చూడటానికి ఐదు నిమిషాలు పెట్టాలి.

విరిగేది దాదాపు ఎప్పుడూ నేల మట్టం దగ్గరే. గడ్డి పీకి, చుట్టూ ఒక అడుగు లోతు తవ్వి చూడండి. నిలువు పగుళ్లలోంచి తుప్పు మరక కారుతుంటే లోపలి ఉక్కు తీగల్ని తుప్పు తింటోందని అర్థం. సిమెంటు పెచ్చులూడి తీగ బయటపడితే ఇక ఎక్కే ప్రశ్నే లేదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రం పక్క మండలాల్లో, ఉప్పు నేలల్లో, రొయ్యల చెరువు గట్ల మీద ఇది త్వరగా వస్తుంది. సుత్తితో నేల నుంచి మీ తల ఎత్తు దాకా కొడుతూ పోండి. గట్టి స్తంభం ఖంగుమంటుంది, లోపల చీలింది బొద్దుగా మోగుతుంది. తర్వాత తాడేసి లైనుకి అడ్డంగా రెండు వైపులా లాగి చూడండి. స్తంభం మొదలు చుట్టూ మట్టి నోరు తెరుస్తుంటే పాతిన లోతు చాలలేదనో, కాలవ గట్టు కోసుకుపోయిందనో తెలిసిపోతుంది. వానలకి ఉబ్బి నానిన నల్లరేగడిలో ఇది మరీ ఎక్కువ. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ లాంటి తుఫాన్ల తర్వాత నీళ్లు నిలిచిన చేలల్లో రాత్రికి రాత్రి పాతే స్తంభాలు కూడా ఈ కోవలోవే. మట్టి గట్టిపడే దాకా వాటిని నమ్మకూడదు.

గట్టి స్తంభాన్ని కూడా పడగొట్టే పని ఒకటుంది: కండక్టర్ (లైను తీగ) విప్పడం. 8 మీటర్ల స్తంభం 140 కిలోల, 9.1 మీటర్లది 280 కిలోల వర్కింగ్ లోడుకి చేసినవి, అది పైభాగాన పక్కకి లాగే బరువు. రెండు వైపులా తీగ లాగుతున్నంత సేపు స్తంభం మీద బరువు తెలియదు. ఒక వైపు తీగ కోసిన మరుక్షణం రెండో వైపు లాగుడంతా స్తంభం మీదికి వస్తుంది. కట్ పాయింట్‌లో, మలుపులో, చివరి స్తంభంలో స్టే వైరు (స్తంభాన్ని నేలకి లాగి కట్టే తీగ) తుప్పు పట్టి ఉన్నా, రైతు దున్నకానికి అడ్డమని తీసేసినా మనిషి పైన ఉండగానే స్తంభం విరుగుతుంది. అందుకే తీగ మీద చేయి వేసేముందు తాత్కాలిక స్టే కట్టాలి. తీగని కోయకూడదు, పుల్లర్‌తో పట్టి మెల్లగా వదలాలి. మూడు తీగల్నీ ఒకే వైపు వరసగా విప్పుకుంటూ పోకూడదు. స్తంభం మీద అనుమానం ఉంటే నాలుగు వైపులా తాళ్లు, లేదా క్రేన్ పట్టుకున్నాకే పని. అదీ లేకపోతే ఆ రోజు పని వాయిదా. ఆ మాట చెప్పే అధికారం లైన్‌మన్‌కి మీరు రాతలో ఇవ్వండి సార్. నోటిమాటగా ఇస్తే సాయంత్రం కరెంటు కోసం ఊరు గొడవ చేసేటప్పుడు అది నిలవదు.

ఎత్తుపని_శిక్షణ:

33కేవీ గారు చెప్పింది సరైన సవరణ. ఎక్కేటప్పటికి నిలువు తాడు కావాలి.

లైను ఎర్త్ చేశాక, నేల మీద నిలబడే టెలిస్కోపిక్ ఎఫ్‌ఆర్‌పీ (కరెంటు పారని ఫైబర్) రాడ్‌తో యాంకర్ హుక్కుని క్రాస్ ఆర్మ్ మీద, స్తంభానికి ఆనుకుని వేస్తారు. దాని నుంచి తాడు వేలాడుతుంది. తాడు మీద రోప్ గ్రాబ్ (తాడుని పట్టే బిగింపు), అది హార్నెస్ ఛాతీ రింగుకి. ఎక్కుతుంటే గ్రాబ్ మనిషితో పైకి వస్తుంది, జారితే పట్టేస్తుంది. గ్రాబ్‌కీ తాడుకీ జత కుదరాలి. 12 మిల్లీమీటర్ల తాడుకి చేసిన గ్రాబ్‌ని అంగడిలో దొరికిన 10 మిల్లీమీటర్ల తాడు మీద వేస్తే పట్టదు. గ్రాబ్ మీద బాణం గుర్తు పైకి ఉండాలి. తలకిందులుగా పెడితే అసలు ఆపదు. ఎక్కేముందు ఇద్దరు మనుషులు తాడుకి బరువంతా వేసి వేలాడి చూడాలి.

కొందరు తాడుని క్రాస్ ఆర్మ్ మీదుగా వేసి రెండో కొస స్తంభం మొదట్లో కడతారు. నేల మీద నుంచే మనిషిని దించుకోవచ్చనేది అందులో లాభం. నష్టం ఏమిటంటే మనిషి పడ్డ విసురుకి క్రాస్ ఆర్మ్ మీద దాదాపు రెట్టింపు బరువు వస్తుంది, తాడు రెండు వైపుల నుంచీ లాగుతుంది కదా. తుప్పు పట్టిన పాత క్రాస్ ఆర్మ్ మీద ఈ పద్ధతి వద్దు.

హుక్కు ఎక్కడ తగిలించాలనేదానికి: ఇన్సులేటర్ పిన్నుకి వద్దు, స్టే క్లాంపుకి వద్దు, సర్వీసు తీగల దండకి అసలే వద్దు. క్రాస్ ఆర్మ్ కొసకీ వద్దు. కొస మీద బరువు పడితే క్లాంపు చుట్టూ అది తిరిగిపోతుంది. ఇంకో చిక్కు, 65 మిల్లీమీటర్ల యాంగిల్ మీద పెద్ద హుక్కు కూడా పూర్తిగా కూర్చోదు. గేటు మూసుకోకుండా ముక్కు మీద ఆనుకుంటుంది, చూడ్డానికి తగిలినట్టే ఉంటుంది. అందుకని వెబ్బింగ్ స్లింగ్ వాడండి. క్రాస్ ఆర్మ్ క్లాంపుకి పైన స్తంభం చుట్టూ స్లింగ్ చుట్టి ఉరి వేస్తే క్లాంపే దాన్ని కిందికి జారకుండా ఆపుతుంది. ఇనుము అంచు తగిలేచోట తొడుగు వేయాలి. హుక్కు ఆ స్లింగ్‌కి. వెనక తాడు ఎంత పొట్టిగా, హుక్కు ఎంత పైన ఉంటే పడే దూరం అంత తగ్గుతుంది, అబ్జార్బర్ కూడా కొద్దిగానే విప్పుకుంటుంది. మీకొచ్చిన 2 మీటర్ల జంట లాన్యార్డ్‌ని టవర్ల మీద పని చేసేవాళ్లకి ఇచ్చి, మీకు పొట్టివి తెప్పించుకోండి. జంట లాన్యార్డ్‌లో వాడని హుక్కుని హార్నెస్ పట్టీకి తగిలించి ఉంచే అలవాటు కూడా మాన్పించాలి. పడినప్పుడు అబ్జార్బర్ విప్పుకోకుండా అది అడ్డుపడుతుంది. దానికని తయారీదారు పెట్టిన, లాగితే ఊడిపోయే లూప్ ఉంటుంది, అక్కడే పెట్టాలి.

సబ్‌స్టేషన్_వైపు:

ఇక్కడ అందరూ తాళ్ల గురించి మాట్లాడుతున్నారు. మనిషి చేయి ఎందుకు వదిలాడో ఎవరూ అడగలేదు. మన స్తంభాల మీద నుంచి పడ్డవాళ్లలో చాలామందికి ముందు షాక్ తగిలింది. కొన్ని మిల్లీ ఆంపియర్ల చురుక్కుకే ఉలిక్కిపడి చేయి వదిలేస్తారు. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టిన చేయి విడిపించుకోలేరు. నేల మీద ఉంటే తిట్టుకుని వదిలేసే చురుక్కు 6 మీటర్ల ఎత్తులో వెన్నుపూస విరగ్గొడుతుంది.

‘ఎల్‌సీ తీసుకున్నాం’ అన్న మాటతో లైను చచ్చిపోయినట్టు కాదు. లైనుని విడదీసే ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి దించాక మూడు బ్లేడ్లూ తెరుచుకున్నాయా అని కింద నుంచి కళ్లతో చూడాలి, రాత్రయితే టార్చి వేసి. పాత స్విచ్‌లలో ఒక బ్లేడు అతుక్కుపోయి రెండే తెరుచుకోవడం మామూలు విషయం. తెరుచుకున్నా పై కాంటాక్టులు చార్జిలోనే ఉంటాయి, ఆ స్తంభం మీద పని ఉంటే ఇంకా వెనక నుంచి ఆపాలి. ఊళ్లో రెండు ఫీడర్లు కలిసేచోట రెండింటికీ ఎల్‌సీ కావాలి.

తర్వాత వెనక నుంచి వచ్చే కరెంటు. ఫంక్షన్ హాల్లో జనరేటర్ ఛేంజోవర్ స్విచ్ (లైనుని విడదీసి జనరేటర్‌కి మార్చేది) లేకుండా నడిస్తే దాని 230 వోల్టులు సర్వీసు తీగ మీదుగా ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ వైపు చేరతాయి. 11 కేవీ/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తిప్పి హెచ్‌టీ (11 కేవీ) వైపు సుమారు 10 వేల వోల్టులు చేస్తుంది. సరిగా కట్టని ఇంటి ఇన్వర్టర్ కూడా అదే పని చేయగలదు. పక్కనే 33 కేవీ, 132 కేవీ లైన్లు చాలా దూరం సమాంతరంగా పోతుంటే ఆపేసిన లైనులో కూడా ఇండక్షన్ (పక్క లైను వల్ల పుట్టే వోల్టేజీ) ఉంటుంది.

కాబట్టి వరస ఇది. వోల్టేజ్ డిటెక్టర్‌ని ముందు చార్జి ఉన్నచోట చూపించి పని చేస్తుందని తేల్చుకోవాలి, తర్వాత మన లైను మూడు ఫేజుల మీదా చూడాలి, మళ్లీ చార్జి ఉన్నచోట చూడాలి. మధ్యలో డిటెక్టర్ చెడిపోతే తెలిసేది ఇలాగే. ఆ తర్వాత ఎర్త్ రాడ్లు: ముందు భూమి కొస బిగించాలి, తర్వాత లైను కొస తగిలించాలి. తీసేటప్పుడు దీనికి తిరగేసి. పని చేసే చోటుకి రెండు వైపులా వేయాలి, ఒక వైపు చాలదు. ఎల్‌టీ పని అయినా నాలుగు తీగల్నీ కలిపి షార్ట్ చేసి ఎర్త్ చేయాలి, న్యూట్రల్‌ని వదిలేయకూడదు. తెగిన న్యూట్రల్ మీద ఇళ్ల లోడు మీదుగా ఫేజు వోల్టేజీ కూర్చుని ఉండవచ్చు.

ఎర్త్ రాడ్ తెచ్చిన సంచి జీపులోనే ఉండి పని జరుగుతుంటే, పైన మనిషి ఎంత మంచి హార్నెస్ వేసుకున్నా ఆ పని ఆపేయండి.

డీటీఆర్_పని:

ఏఈ గారు సర్వీసు కంప్లైంట్లు, హెచ్‌జీ ఫ్యూజులు అన్నారు కాబట్టి తక్కువ ఎత్తుల గురించి రెండు మాటలు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద నుంచో, డీపీ (జంట స్తంభాల కట్టడం) మీద నుంచో 3 మీటర్లే కదా అని ఎవరూ ఏమీ కట్టుకోరు. వెనక్కి పడితే తల ముందు తగిలేది కూడా అక్కడే. హెల్మెట్ ఉన్నా గడ్డం పట్టీ పెట్టుకోకపోతే మనిషి కంటే ముందే హెల్మెట్ నేల మీద ఉంటుంది.

ట్యాంకు పైన, రేడియేటర్ రెక్కల మీద కాలు పెట్టకండి. గాస్కెట్ల దగ్గర కారిన ఆయిల్ దుమ్ముతో కలిసి కంటికి కనిపించని జిడ్డు పొర కడుతుంది. పని తప్పదంటే ముందు వేస్ట్ కాటన్‌తో తుడవాలి, చెప్పుల అడుగులు కూడా తుడవాలి. డీపీ మీద పని చేసేటప్పుడు నడుము లాన్యార్డ్‌ని స్తంభం చుట్టూ వేయండి, ట్రాన్స్‌ఫార్మర్‌ని పట్టి ఉంచే బెల్టింగ్ యాంగిల్‌కి వద్దు.

నిచ్చెన ఎఫ్‌ఆర్‌పీది లేదా ఎండిన వెదురుది, అల్యూమినియం వద్దు. తడిసిన వెదురు కూడా కరెంటు పారిస్తుంది. నాలుగు మీటర్లు పైకి ఆనితే మొదలు ఒక మీటరు బయటికి, అంటే 6 మీటర్ల ఎత్తులో ఆనితే స్తంభం నుంచి మీటరున్నర. సన్నటి పీఎస్‌సీసీ స్తంభానికి నిచ్చెన పై మెట్టు ఒక్క చోటే ఆనుతుంది, మనిషి పక్కకి చేయి చాపగానే తిరుగుతుంది. అందుకే మొదటిసారి ఎక్కినప్పుడు కింద ఇద్దరు పట్టుకోవాలి, పైకి చేరగానే ముందు నిచ్చెన తల స్తంభానికి కట్టాలి, తర్వాతే పనిముట్టు తీయాలి. మనిషి బెల్టు మాత్రం స్తంభానికే, నిచ్చెనకి కాదు. కింద పట్టుకున్నవాళ్లు ఫోను చూస్తుంటే పట్టుకున్నట్టు కాదు. సర్వీసు తీగ మీద నిచ్చెన ఆనించడం పూర్తిగా ఆపించండి, తీగ తెగితే నిచ్చెనకి ఆధారం ఏమీ ఉండదు.

పనిముట్లు జేబుల్లో, చేతుల్లో పట్టుకుని ఎక్కొద్దు. చేతితాడు, గుడ్డ సంచి. ఎక్కేటప్పుడు మూడు ఆధారాలు ఉండాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

పల్లె_సెక్షన్_ఏఈ:

అందరికీ చాలా కృతజ్ఞతలు. 6.25 మీటర్ల లెక్క రేపు ఉదయమే బోర్డు మీద వేసి చూపిస్తాను. ఒకటే మిగిలింది. మనిషి పైనే స్పృహ తప్పి బెల్టుకి వేలాడుతుంటే కిందికి ఎలా దించాలి? నేల మీద పడిపోతే 108 వచ్చేలోపు ఏం చేయాలి? మాకు దగ్గరి ఏరియా ఆసుపత్రి 30 కిలోమీటర్లు.

ట్రామా_నర్సింగ్:

దించడానికి కావలసిన సంచి ప్రతి పని చోటా ఉండాలి: 12 మిల్లీమీటర్ల తాడు, నేలపైన స్తంభం ఎత్తుకి రెట్టింపు మీద 3 మీటర్లు అదనం, అంటే మీ 9.1 మీటర్ల స్తంభానికి 20 మీటర్లు చాలు. వంకీ కత్తి ఒకటి. రెండో హార్నెస్ ఒకటి, దించేవాడికి. ఒంటరిగా స్తంభం ఎక్కనివ్వకూడదనడానికి ఇది పెద్ద కారణం, కింద ఉన్న మనిషికి దించడం వచ్చి ఉండాలి.

ముందు లైను చచ్చిందా లేదా తేల్చుకోండి. కాపాడటానికి ఎక్కినవాడికి కూడా షాక్ తగిలితే ఇద్దరు పోతారు. పైకి ఎక్కి తన బెల్టు వేసుకున్నాక తాడుని క్రాస్ ఆర్మ్ మీదుగా తిప్పి, పొట్టి కొసని కిందికి పోయే పొడుగు తాడు చుట్టూ రెండు చుట్లు వేయాలి, దించేటప్పుడు రాపిడితో అదే బ్రేకు. ఆ కొసని బాధితుడి చంకల కింద ఛాతీ చుట్టూ తిప్పి మూడు హాఫ్ హిచ్ ముడులు వేయాలి. కింద ఉన్నవాళ్లు తాడు బిగపట్టాక మాత్రమే అతని నడుము లాన్యార్డ్ కోయాలి, మీ బెల్టుకి దూరంగా ఉండే వైపున. తర్వాత అడ్డాలకి తగలకుండా చేత్తో నడిపిస్తూ దించాలి. ఈ పనిని పాత హార్నెస్‌కి ఇసుక నింపిన గోనె సంచి కట్టి ప్రాక్టీసు చేయించండి. ముడి చూసి నేర్చుకునేది కాదు.

స్పృహ ఉండి హార్నెస్‌లో వేలాడుతున్న మనిషిని కూడా ఆలస్యం చేయొద్దు. కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోయి అరగంట లోపే ప్రాణం మీదికి రావచ్చు. కాళ్లు ఆడిస్తూ ఉండమనండి, స్తంభానికి కాలు ఆనించి తోయమనండి.

నేల మీదికి వచ్చాక పిలిస్తే పలకకపోతే, ఊపిరి సరిగా ఆడకపోతే వెంటనే సీపీఆర్. షాక్ తగిలిన గుండె ఆగి ఉండొచ్చు. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కుళ్లకి 2 శ్వాసలు. వెన్నెముక దెబ్బ అనుమానం ఉన్నా సీపీఆర్ ఆపకూడదు. తల తిప్పకుండా దవడ ముందుకి ఎత్తి శ్వాస ఇవ్వాలి.

ఊపిరి ఉంటే కదిలించకండి. ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తలని తిన్నగా పట్టుకుని అలాగే ఉండాలి, 108 వాళ్లు కాలర్ పెట్టే దాకా. హెల్మెట్ పట్టీ వదులు చేయండి, హెల్మెట్ పీకకండి. వాంతి వస్తే నలుగురు కలిసి తల, ఒళ్లు ఒకే దుంగలా పక్కకి తిప్పాలి. నీళ్లు తాగించొద్దు, ఆపరేషన్ అవసరం పడొచ్చు.

నిలబడ్డట్టు పడి, ‘మడమ నొప్పి, అంతే’ అనే మనిషిని చూసి మోసపోవద్దు. మడమ ఎముక విరిగినవాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి నడుము పూస కూడా విరిగి ఉంటుంది. మడమ నొప్పి భరించలేనంత ఉండటంతో నడుము సంగతి వాళ్లకి తెలియదు. అలాంటి మనిషిని బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లడమే మన దగ్గర జరిగే అతి పెద్ద తప్పు. గతుకుల్లో విరిగిన పూస వెన్నుపాముని నొక్కుతుంది, నడిచే మనిషి నడవలేని మనిషి అవుతాడు. కాలి వేళ్లు కదులుతున్నాయా, తిమ్మిరి ఉందా అడిగి టైమ్‌తో సహా చీటీ మీద రాసి 108 వాళ్ల చేతికి ఇవ్వండి. షాక్ తగిలిందా లేదా అన్నది ఆ చీటీలో తప్పకుండా రాయండి. షాక్ వల్ల కండరాలు దెబ్బతింటే మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది, కిడ్నీలు పోకుండా ముందే సెలైన్ మొదలుపెట్టాలి. డాక్టరుకి పడ్డాడని మాత్రమే చెబితే ఎక్స్‌రేలు తీస్తారు, ఈసీజీ సంగతి వెనకపడుతుంది.

33కేవీ_మెయింటెనెన్స్:

ఆ చీటీ గురించి ఒక మాట కలుపుతాను. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 161 కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి పంపే ప్రమాద నోటీసులో కూడా ‘స్తంభం మీద నుంచి జారి పడ్డాడు’ అని ఒక్క ముక్కతో ముగించకండి. ప్రాణం పోయిన ప్రమాదమైతే మొదటి సమాచారం 24 గంటల్లో పోవాలి, కాబట్టి ఆ రోజే చూసి రాయాలి. బ్లేడ్లు మూడూ తెరిచి ఉన్నాయా, ఎర్త్ ఎన్ని వైపుల వేశారు, స్తంభం మొదలు ఎలా ఉంది, లాన్యార్డ్ దేనికి తగిలించి ఉంది. ఆ హార్నెస్‌ని, హుక్కుల్ని ఉన్నవి ఉన్నట్టు సంచిలో వేసి సీలు చేసి ఉంచండి. ఒకసారి పడిన బరువు మోసిన హార్నెస్ మళ్లీ వాడకూడదు, కాబట్టి స్టోర్స్ వాళ్లు తిరిగి అడిగినా ఇవ్వాల్సిన పని లేదు.

ఎత్తుపని_శిక్షణ:

ఇండెంట్‌లో ఇవి రాసుకోండి ఏఈ గారూ. స్తంభం ఎక్కే ప్రతి మనిషికి: వర్క్ పొజిషనింగ్ లాన్యార్డ్లు 2, తొడుగున్న వెబ్బింగ్ స్లింగ్ 1, గడ్డం పట్టీ ఉన్న ఐఎస్ 2925 హెల్మెట్ 1. ప్రతి గ్యాంగుకి: రోప్ గ్రాబ్, దానికి జతైన తాడు, టెలిస్కోపిక్ రాడ్, యాంకర్ హుక్కు కలిపి ఒక సెట్టు, దించే సంచి ఒకటి, ఎర్త్ సెట్లు రెండు. హార్నెస్ మీద ఐఎస్ 3521 గుర్తు, తయారీ నెల, సీరియల్ నంబరు చదవగలిగేలా ఉండాలి. నెలకోసారి నీడలో పరిచి కుట్ల రంగు దారాలు తెగాయా, పట్టీ వెలిసి పొడి రాలుతోందా, ఆర్క్ వేడికి ఎక్కడైనా మెరుపుగా గట్టిపడిందా చూసి సీరియల్ నంబరు ఎదురుగా సంతకం పెట్టించండి. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ డబ్బా, బ్యాటరీ యాసిడ్ ఉన్న జీపు వెనక పెట్టెలో మాత్రం వేయనివ్వకండి. స్టోర్ గదిలో కొయ్యకి వేలాడదీయించండి.